ఉప్పుగాలి తిన్న వీడియో గేమ్

ఒంగోలుకు తూర్పున సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నంలో, మా మామయ్య వాళ్ల ఇంటి అటక మీద నుంచి దించిన అట్టపెట్టెలో, పాత వార్తాపత్రికలు చుట్టిన ఒక వీడియో గేమ్, రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకి, ఏడు క్యాసెట్లు దొరికాయి. "పారేద్దామనుకున్నా అబ్బయ్యా, నీ చేతిలో బతుకుద్దేమో చూడు" అంటూ మామయ్య దాన్ని నాకు అప్పగించాడు. అడుగున స్క్రూల తలలు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. క్యాసెట్ దోపే సందులోకి టార్చిలైటు వేసి చూస్తే, మెరుస్తూ ఉండవలసిన పిన్నుల మీద అక్కడక్కడ పాచి వంటి పచ్చటి పొర కనిపించింది. జబ్బు ఏమిటో ఈ రెండు గుర్తులే చాలావరకు చెప్పేశాయి. ఇటువంటి యంత్రాలలో ముందుగా చెడేది సాధారణంగా చిప్పు కాదు, ఒక లోహం మరొక లోహాన్ని తాకే చోటు.

మన ఊళ్లలో టీవీ గేమ్ అని పిలుచుకున్న ఈ పెట్టెలు చాలావరకు, జపాన్‌లో నింటెండో సంస్థ 1983 జూలై 15న విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లు. అసలు యంత్రాన్ని రూపొందించిన ఇంజనీర్ల బృందానికి మసయుకి ఉయెమురా నాయకత్వం వహించాడు. అందులోని ప్రాసెసర్, 1975లో వచ్చిన 6502 అనే చౌక చిప్పుకు దగ్గరి చుట్టం. అది సెకనుకు సుమారు 17.9 లక్షల స్పందనల వేగంతో నడుస్తుంది. దాని పక్కనే బొమ్మలు గీయడానికి వేరుగా మరొక చిప్పు ఉంటుంది. ప్రాసెసర్ తన లెక్కలు రాసుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి 2,048 బైట్లు మాత్రమే. తెలుగు అక్షరాలను కంప్యూటర్లలో ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే, ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి, మీరు చదువుతున్న ఈ ఒక్క పేరాకే ఆ చోటు చాలదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. చోటు మిగుల్చుకోవడానికి ఆకాశంలోని మేఘానికీ నేల మీది పొదకూ ఒకే బొమ్మను వాడి, రంగు మాత్రమే మార్చారు. ఇంత కొద్ది సరంజామాతో అంత పెద్ద లోకాన్ని కట్టిన ఆ నేర్పును తలచుకున్నప్పుడల్లా నాకు ఆ పెట్టె మీద గౌరవం పెరుగుతుంది.

క్యాసెట్ అన్నది పేరుకే గాని, అందులో టేపు ఉండదు. ఒక చిన్న బోర్డు, దాని మీద ప్రోగ్రామును దాచిన చిప్పు, బొమ్మలను దాచిన చిప్పు ఉంటాయి. చవక క్యాసెట్లలో అవి నల్లటి లక్కలాంటి ముద్ద కింద మూసుకుపోయి కనిపిస్తాయి. బోర్డు అంచున రెండు వైపులా కలిపి 60 రాగి పట్టీలు ఉంటాయి. వీటిలో కొన్ని ప్రాసెసర్‌కూ, మరికొన్ని బొమ్మల చిప్పుకూ నేరుగా చేరతాయి. ఈ విభజన తెలిసినవారికి మరమ్మతు సగం సులువవుతుంది. నేను మొదట పెట్టిన క్యాసెట్‌కు తెర బూడిద రంగులో నిలిచిపోయింది. అంటే, ప్రాసెసర్ వైపు పట్టీల్లో ఏదో తాకడం లేదన్నమాట. ఎనిమిది డేటా తీగల్లో ఒక్కటి తప్పినా, చదివిన ఆదేశాల్లో చాలా మరొకటిగా మారిపోయి ప్రోగ్రాము దారితప్పుతుంది. రెండో క్యాసెట్‌కు సంగీతం చక్కగా వినిపించింది, బటన్లకు ఆట స్పందించింది, కానీ తెర మీద అక్షరాలూ మనుషులూ ముక్కలు ముక్కలుగా చెదిరి కనిపించారు. అక్కడ ప్రోగ్రాము క్షేమంగానే ఉంది, చెడింది బొమ్మల వైపు పట్టీల స్పర్శ మాత్రమే. మల్టీమీటరు చేతికి తీసుకోకముందే తెర ఇంత సమాచారం ఇస్తుంది.

ఆ స్పర్శ ఎందుకు చెడిందో మన తీరానికి వచ్చి చూస్తే తెలుస్తుంది. వానాకాలంలో వంటింటి డబ్బాలో రాళ్లుప్పు నీరు కారడం ఇక్కడి ఇళ్లలో అందరూ చూసినదే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడు రేణువు ఆ తేమను పీల్చుకుని, తానే కరిగి ఉప్పునీటి బిందువైపోతుంది. శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు అంతకంటే పొడి గాలిలోనే ఆ పని మొదలుపెడుతుంది. అలల తుంపర నుంచి లేచి గాలిలో తేలుతూ వచ్చిన రేణువులు అటక మీది పెట్టెలోకి కూడా చేరతాయి. ఖరీదైన క్యాసెట్లలో పట్టీల మీద బంగారు పూత ఉంటుంది, కానీ ఆ పూత పలుచనైనప్పుడు కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రంలోకి ఉప్పునీరు దిగితే బంగారమూ రాగీ కలిసి ఒక చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, ఆ బ్యాటరీలో కరిగిపోయేది రాగి. పూత కింద నుంచి పైకి ఉబికి వచ్చిన పచ్చదనం ఆ రాగి క్లోరైడు లవణాలదే. అది విద్యుత్తును సరిగా పోనివ్వదు.

మనమందరం చిన్నప్పుడు చేసిన వైద్యం క్యాసెట్‌లోకి నోటితో ఊదడం. ఊదిన తరువాత ఆట నిజంగానే వచ్చేది కనుక ఆ నమ్మకం స్థిరపడింది. అయితే, పని చేసింది ఊపిరి కాదు. క్యాసెట్‌ను తీసి మళ్లీ దోపినప్పుడు పిన్ను పట్టీ మీద రాసుకుని, పైపొరను కొద్దిగా గీకి, కొత్త చోట తాకుతుంది. ఊపిరితో పాటు వెళ్లే తేమ, ఉమ్మి తుంపర మాత్రం ఉప్పు చేసే పనికి తోడ్పడతాయి. మామయ్య క్యాసెట్లు విప్పి చూసినప్పుడు, పట్టీల మీద చుక్కలు చుక్కలుగా మిగిలిన మచ్చలను చూసి నాకు మనసు చివుక్కుమంది, ఎందుకంటే వాటిలో కొన్ని నేను ఊదినవే.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూలుపోగులు రాలని గుడ్డ, పాత పళ్ల బ్రష్షు చాలు. గట్టిగా పట్టిన మచ్చను పెన్సిలు రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్దవచ్చు. గరుకు కాగితం మాత్రం వాడకూడదు, అది మచ్చతో పాటు మిగిలిన పూతను కూడా తీసేస్తుంది. పెట్టెలోని పిన్నులను శుభ్రం చేయడానికి, పలుచటి అట్టముక్కకు ఆల్కహాలు తడిపిన గుడ్డ చుట్టి, క్యాసెట్ దోపినట్టే పదిసార్లు దోపి తీశాను. మొదటి గుడ్డ పచ్చగా, రెండోది నల్లగా, మూడోది దాదాపు తెల్లగా బయటకు వచ్చింది. బూడిద తెర చూపించిన క్యాసెట్ ఆ సాయంత్రమే ఆడింది.

కరెంటు సంగతిలో తొందరపాటు తగదు. పెట్టె లోపల 7805 అనే రెగ్యులేటరు, అడాప్టరు నుంచి వచ్చే 9 వోల్టులను 5 వోల్టులకు దించుతుంది. దించిన నాలుగు వోల్టులూ వేడిగానే బయటపడతాయి. 300 మిల్లీఆంపియర్లు వాడే పెట్టెలో అది 1.2 వాట్లు. పాత ట్రాన్స్‌ఫార్మరు అడాప్టర్లు 9 వోల్టులని రాసి ఉన్నా, భారం లేనప్పుడు అంతకు మించి ఇస్తాయి కాబట్టి, ముందు మీటరుతో కొలవాలి. అడాప్టరు పిన్ను మధ్యలో ప్లస్సో మైనస్సో పెట్టె మీది గుర్తు చూసి సరిపోల్చుకోవాలి. లోపల ద్రవం ఉండి, కరెంటు ఒడిదుడుకులను సర్దే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయువు, ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ దాదాపు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు వాడే అంచనా. రేకుల కప్పు కింద నెల్లూరు, ప్రకాశం జిల్లాల మే నెల ఎండలు కాచిన పెట్టెలో అవి ఎండిపోవడంలో వింత లేదు. బొమ్మ వణుకుతున్నా, మాటల వెనుక బుంయ్యిమనే చప్పుడు వస్తున్నా ముందు వాటినే మార్చాలి. ఒంగోలులో టీవీలు బాగుచేసే ఒక మెకానిక్ అన్న నా చేత రెండు కెపాసిటర్లు విప్పించి, కొత్తవి అతికించడం పక్కన నిలబడి నేర్పాడు.

రిమోట్‌లో నాకు నచ్చే విషయం దాని పొదుపు. ఎనిమిది బటన్లు ఉన్నా, లోపలి నుంచి వచ్చే తీగలు ఐదే. ఏ బటన్ నొక్కి ఉందో ఆ ఎనిమిది సంగతులనూ ఒక చిన్న చిప్పు ఒక్కసారిగా పట్టుకుని, పెట్టె అడిగిన కొద్దీ ఒకే తీగ మీద వరుసగా చెబుతుంది. బటన్ కింద ఉండే నల్ల రబ్బరు బిళ్ల అరిగిపోతే నొక్కినా పలకదు. మెత్తటి పెన్సిలు గ్రాఫైటును దాని మీద రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది, తరువాత బిళ్లనే మార్చుకోవాలి.

ఇక తుపాకి. మొదట మామయ్య ఇంట్లోని పలుచటి కొత్త టీవీకి కలిపి బాతుల ఆట పెడితే ఒక్క పక్షీ పడలేదు. తుపాకి చెడిపోలేదు. ట్రిగ్గరు నొక్కగానే ఆట ఒక ఫ్రేము పాటు, అంటే తెర మీద ఒక్క బొమ్మ నిలిచేంత సేపు, తెరనంతా నల్లగా చేసి, తరువాతి ఫ్రేములో పక్షి ఉన్నచోట మాత్రం తెల్లటి చతురస్రం గీస్తుంది. తుపాకి గొట్టంలోని సెన్సారు నలుపు వేళ చీకటినీ, తెలుపు వేళ వెలుగునూ చూస్తే గురి కుదిరినట్టే లెక్క. నలుపు ఫ్రేములోనూ వెలుగు కనిపించిందంటే, ఎవరో బల్బు వైపు గురిపెట్టారని ఆట గ్రహిస్తుంది. పాల్ (PAL) అనే మన దేశపు ప్రసార పద్ధతి టీవీలో ఒక్కో ఫ్రేముకు 20 మిల్లీసెకన్లే వ్యవధి. కొత్త టీవీ బొమ్మను ముందు తన లోపల సరిదిద్దుకుని ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి, తెలుపు తెర మీదికి వచ్చేసరికి ఆట అడగడం మానేసి ఉంటుంది. అంతేగాక, పిక్చర్ ట్యూబు తెర మీద ఎలక్ట్రాన్ పుంజం ఒక్కో గీతను 64 మైక్రోసెకన్లలో గీస్తూ పోతుంది. నింటెండో అసలు తుపాకిలోని సర్క్యూటు ఆ వేగంతో మినుకుమనే వెలుగునే గుర్తించేలా శ్రుతి చేసి ఉంటుంది. ఎల్సీడీ తెరకు ఆ మినుకు లేదు. పెట్టె, తుపాకి, పాత టీవీ మూడూ కలిస్తేనే అది ఒక యంత్రం అవుతుంది. వాటిలో తుపాకికీ టీవీకీ మధ్య ఉన్న అతుకు గాలిలో ప్రయాణించే వెలుగు.

ఆ మెకానిక్ అన్న దగ్గరే 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి కొని కొత్తపట్నం తీసుకెళ్లాము. దాని వెనుక మూత విప్పే పని నేను పెట్టుకోలేదు, ఎవరూ పెట్టుకోవద్దని కూడా చెబుతాను. రంగుల ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్చి కట్టినా అది వెంటనే వదలదు. వెలుగు కొంచెం పెంచి, తుపాకి కటకం మీద దుమ్ము తుడిచి, మామయ్య మనవరాలి చేతికి ఇచ్చాము. రెండో గుండుకు బాతు పడింది. ఆ పిల్ల తుపాకి మొన వైపు చూసి, "తాతా, దీంట్లోంచి ఏం బయటికి పోయింది?" అని అడిగింది. మామయ్య నా వైపు చూశాడు. టీవీ కట్టేసి, తుపాకి స్క్రూలు విప్పి, కటకాన్నీ దాని వెనుక ఉన్న పెసరగింజంత సెన్సారునూ ఆ పిల్ల అరచేతికి దగ్గరగా పట్టి చూపించాను.