రెక్క మొదట్లో వంపు

చిన్నూ, బుజ్జీ,

మొన్న విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 విమానం చూసి వచ్చాక నా ఫోన్లో గుడ్డ కప్పిన చిన్న విమానం ఫొటో చూపించాను కదా. "రెక్కకీ ఒంటికీ మధ్య ఆ రేకెందుకు తాతయ్యా, రెక్క ఊడకుండానా?" అని అడిగారు. అంతలో అమ్మ అన్నానికి పిలిచింది. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఊడకుండా కాదు. రెక్కను పట్టి ఉంచేవి లోపలి బోల్టులు, కింది ఊత కడ్డీలు. ఆ రేకును ఫెయిరింగ్ అంటారు. దాని పని గాలితో.

మన డాబా ఎక్కి చూడండి. పిట్టగోడ, నేల కలిసే మూలలో సిమెంటు గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. మహారాణిపేటలో మా ఇల్లు కట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ముసలి మేస్త్రీ ఆ వంపును సోడా సీసాతో రుద్ది నున్నన చేసేవాడు. సీసా తడిపి అందించడం నా పని. "మూల ఉంటే నీళ్ళు నిలుస్తాయి బాబూ, నిలిచిన నీళ్ళే ఇంటిని తింటాయి" అనేవాడు. ఆ మాట చెబుతూ కూడా చెయ్యి ఆపేవాడు కాదు.

గాలికీ మూల పడదు. రెక్క మీది గాలి, ఒంటి పక్క గాలి ఆ మూలలో ఒకదాన్నొకటి తోసుకుని సుడి తిరుగుతాయి. ఆ సుడి విమానాన్ని వెనక్కి లాగుతుంది. వంపు రేకు ఉంటే గాలి జారిపోతుంది. గోడ, నేల అయ్యాకే మేస్త్రీ వంపు తీసినట్టు, రెక్కలు బిగించి సరిచూశాకే ఫెయిరింగ్ పెడతారు.

నిరుడు అమెరికాలో పెదనాన్న పక్కింటాయన షెడ్డులో ఆ విమానం కట్టుకుంటుంటే రోజూ సాయానికి వెళ్ళాను. ముందు అట్టముక్కతో కొలత తీసి, దాన్నిబట్టి రేకు కోశాం. ఉత్త గుడ్డ స్క్రూను పట్టి ఉంచలేదు కదా, అందుకని గుడ్డ కప్పకముందే లోపల ఎముకలాంటి చట్రానికి నట్లు అమర్చి పెట్టాడాయన. అది పాలియెస్టర్ గుడ్డ. కత్తితో బెజ్జం పెడితే పోగులు లేస్తాయి. అందుకే అక్కడ గుడ్డముక్క అంటించి, వేడి సోల్డరింగ్ ఐరన్ మొనతో కరిగించి బెజ్జం పెడతాడు. రేకు అంచు గుడ్డను రాయకుండా రబ్బరు పట్టీ తొడగాలి. లేకపోతే ఇంజను అదురుకి అంచు రాసి రాసి గుడ్డను కోసేస్తుంది. స్క్రూలన్నీ ముందు వదులుగా ఎక్కించి తర్వాతే బిగించాలి. నేను తొందరపడి మొదటిదాన్నే బిగించేశాను, చివరి బెజ్జం కుదరలేదు. ఆయన ఏమీ అనకుండా అన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

తోక దగ్గర ఇంకా జాగ్రత్త. అక్కడ కదిలే పలకలుంటాయి. ఫెయిరింగ్ బిగించాక ఒకరు లోపల కూర్చుని విమానం నడిపే స్టిక్కును ఆ కొసకీ ఈ కొసకీ కదపాలి, ఇంకొకరు వెనక నిలబడి ఎక్కడా తగలడం లేదని చూడాలి. ఒక్కచోట తగిలినా విమానం ఎగరకూడదు.

వంపు ఎంత ఉండాలి అని అడుగుతారేమో. దానికి జవాబు గద్దలు చెబుతాయి. జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోతుంది. బోట్లు తిరిగి వచ్చే పొద్దున మీ నాన్నతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి. చేపల కోసం గద్దలు తలమీదుగా తిరుగుతాయి. వాటికి ఒళ్ళు ఎక్కడ అయిందో, రెక్క ఎక్కడ మొదలైందో కనిపెట్టగలరేమో చూసి, బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య