పరీక్షకు చిక్కని పరుగు: ప్రొఫెషనల్ సైక్లింగ్‌లో డోపింగ్ నేపథ్యం

1998 జులై 8 ఉదయం బెల్జియం నుంచి ఫ్రాన్స్‌లోకి వస్తున్న ఒక కారును ఫ్రెంచ్ కస్టమ్స్ అధికారులు సరిహద్దు దగ్గర ఆపి సోదా చేశారు. అది ఫెస్టినా సైక్లింగ్ జట్టు కారు. నడుపుతున్న విల్లీ వూట్ ఆ జట్టు రైడర్లకు మర్దనా చేసి, వారి బాగోగులు చూసుకునే సహాయకుడు. అందులో ఈపీఓ అనే హార్మోన్ మోతాదులు 200కు పైగా, వాటితోపాటు గ్రోత్ హార్మోన్, టెస్టోస్టెరాన్, ఉత్తేజకాలైన ఆంఫెటమైన్లు దొరికాయి. మరో మూడు రోజుల్లో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ మొదలైంది. రేసు నడుస్తుండగానే ఫెస్టినాను బహిష్కరించారు. పోలీసుల సోదాలకు నిరసనగా మిగతా రైడర్లు రోడ్డు మీదే బైఠాయించారు.

ఈ క్రీడలో డోపింగ్ గుట్టు పెద్ద ఎత్తున రట్టయినప్పుడల్లా దాదాపు ఇలాగే జరిగింది. ప్రయోగశాలల కంటే ముందు కస్టమ్స్, పోలీసులు, సాక్షులు నిజాన్ని బయటపెట్టారు. పరీక్షలు ఎప్పుడు వచ్చాయో, అవి దేన్ని కొలిచాయో చూస్తే ఇందుకు కారణం అర్థమవుతుంది.

మందుల వాడకం సైక్లింగ్‌కు నడమంత్రంగా అంటుకున్న జాడ్యం కాదు. 1924 టూర్‌లో కూటాన్స్ పట్టణం దగ్గర రేసు విడిచిపెట్టిన ఫ్రెంచ్ రైడర్లు పెలిసియర్ సోదరులు, ఒక కేఫ్‌లో కూర్చొని పాత్రికేయుడు ఆల్బర్ట్ లాండ్ర్ ముందు తమ సంచులు విప్పారు: కళ్లకు కొకైన్, చిగుళ్లకు క్లోరోఫామ్, ఆపైన మాత్రలు. కొన్ని అంచెలు 400 కిలోమీటర్లు దాటే ఆ రేసులో ఇవి లేకుండా నెట్టుకురాలేమన్నది వారి గోడు.

ఫ్రాన్స్ 1965లో డోపింగ్‌కు వ్యతిరేకంగా చట్టం చేసింది. మరుసటి ఏడాది టూర్‌లో తొలి పరీక్షలు జరిపితే, రైడర్లు సైకిళ్లు దిగి నడిచి నిరసన తెలిపారు. 1967 జులై 13న టూర్‌లో, మండుటెండలో వాంటూ పర్వతం ఎక్కుతూ బ్రిటన్ రైడర్ టామ్ సింప్సన్ శిఖరానికి కొద్ది దూరంలో పడిపోయాడు. మళ్లీ సైకిలెక్కించమన్నాడు, ఎక్కిస్తే కొంత దూరం పోయి మళ్లీ కూలిపోయాడు, ఇక లేవలేదు. అతని జెర్సీ జేబుల్లో ఆంఫెటమైన్ గొట్టాలు కనిపించాయి. అప్పటికి అతని వయసు 29 ఏళ్లు. ఆ తర్వాత పరీక్షలు కట్టుదిట్టమయ్యాయి గానీ, మూత్రంలో జాడ తెలిసే మందులకే అవి పనికివచ్చాయి.

ఈపీఓ రాకతో ఆ ఏర్పాటంతా తలకిందులైంది. కిడ్నీ రోగుల రక్తహీనతకు వైద్యంగా 1980ల చివర్లో వచ్చిన ఈ హార్మోన్ ఎర్ర రక్తకణాలను పెంచుతుంది; కణాలు పెరిగితే కండరాలకు ఆక్సిజన్ పెరుగుతుంది. దాన్ని నిషేధించారు గానీ, పట్టుకునే మూత్రపరీక్ష 2000 దాకా లేదు. ఈలోగా 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఒక హద్దు గీసింది: రక్తంలో ఎర్రకణాల వాటా, అంటే హెమటోక్రిట్, 50 శాతం దాటిన పురుష రైడర్‌ను ఆరోగ్య కారణాలతో 15 రోజులు పక్కన పెట్టేవారు. రైడర్లను ప్రాణాపాయం నుంచి కాపాడాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఆచరణలో ఆ హద్దే లక్ష్యమైంది. జట్లు రక్తాన్ని వేగంగా తిప్పి కణాలను వేరుచేసే చిన్న సెంట్రిఫ్యూజ్ యంత్రాలు వెంట తిప్పుకొని, హోటల్ గదుల్లో రక్తం తీసి కొలుచుకునేవి. అంకె ఎక్కువగా ఉంటే సెలైన్ ఎక్కించి పలుచన చేసేవి. అందరూ వాడుతున్నారు కాబట్టి పోటీ సమంగానే ఉందన్న వాదన ఎంత బూటకమో ఇక్కడే తేలిపోతుంది: సహజంగా 42 శాతం ఉన్నవాడు 8 పాయింట్లు పెంచుకోగలడు, 48 ఉన్నవాడికి దక్కేది రెండే. 1999 జూన్‌లో ఇటలీ రేసు ‘జిరో డి ఇటాలియా’ను గెలవబోతున్న ఇటలీ రైడర్ మార్కో పంటానీ 52 శాతంతో ఈ హద్దు దాటి ఇంటిదారి పట్టాడు.

ఫెస్టినా దర్యాప్తులో మందులు ముట్టనివాడిగా సహచరులే పేర్కొన్న క్రిస్టోఫ్ బసాన్ సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేస్తుంది. 1999 టూర్‌లో డోపింగ్ గురించి బాహాటంగా మాట్లాడినందుకు అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ రేసు మధ్యలోనే అతణ్ని నిలదీశాడు. తోటివారు ముఖం చాటేశారు. ఆ టూర్ ముగియకముందే బసాన్ వెళ్లిపోయాడు. అదే టూర్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ నమూనాలో స్టెరాయిడ్ జాడ కనిపిస్తే, వెనకటి తేదీ వేసిన మందుల చీటీతో సర్దుబాటు చేశారని తర్వాత సాక్షులు చెప్పారు. అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ 2012లో 26 మంది వాంగ్మూలాలతో, అందులో 11 మంది అతని పాత సహచరులవే, కేసును నిలబెట్టి ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ టైటిళ్లు రద్దు చేసింది.

2008లో యూసీఐ తెచ్చిన బయలాజికల్ పాస్‌పోర్ట్ మందును కాక, దాని ప్రభావాన్ని వెతుకుతుంది. ఒక్కో రైడర్ రక్తపు లెక్కలను ఏళ్ల తరబడి నమోదు చేసి, అసహజమైన హెచ్చుతగ్గులను నిపుణులు పరిశీలిస్తారు. దీనివల్ల మోతాదులు బాగా తగ్గాయి గానీ ఆగిపోలేదు. యూసీఐ నియమించిన స్వతంత్ర కమిషన్ 2015 నివేదిక ప్రకారం, రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు పరీక్షకు ఎవరూ రారన్న ధీమాతో కొందరు రైడర్లు సాయంత్రం అతి చిన్న మోతాదు ఈపీఓ తీసుకునేవారు. ఆ వేళల్లో కూడా పరీక్షలు జరపాలని ఆ కమిషన్ సిఫారసు చేసింది.