కార్డు వేరు, జాబితా వేరు: పబ్లిక్ రికార్డుల మీద అపోహలు - వాస్తవాలు

ఓటర్ల జాబితాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు), జనన మరణ రిజిస్టర్లు వెతికిపెట్టడం నా పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండుచోట్లా చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఏదో ఒక కాగితం పట్టుకునే వస్తారు. "ఇది ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అంటారు. ఆ కాగితం ఒక రోజున ఇచ్చింది. అసలు రికార్డు ఆఫీసులో ఉంటుంది, ఆ తర్వాత కూడా మారుతూనే ఉంటుంది. నేను వినే అపోహల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

అపోహ: ఓటరు కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే.

ఓటు వచ్చేది జాబితాలో పేరును బట్టి. కార్డు గుర్తింపు కోసం మాత్రమే. జాబితాలో పేరుండి కార్డు పోయినా ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివి చూపించి ఓటు వెయ్యవచ్చు. కార్డుండి పేరు లేకపోతే మాత్రం వెనక్కి రావాల్సిందే. ఒక పెద్దావిడ పోలింగ్ రోజు కార్డు కొంగులో దాచుకుని బూత్ నుంచి ఏడుస్తూ రావడం చూశాను. పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు అక్కడ ఆమె పేరు తీసేశారు, కొత్త చిరునామాకు మార్పించుకోలేదు. 2018 డిసెంబరులో తెలంగాణ ఎన్నికలప్పుడు పేర్లు గల్లంతైనందుకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పారు. ఆ రోజు క్షమాపణ వల్ల ఎవరికీ ఓటు తిరిగి రాలేదు. అందుకే పోలింగ్ రోజు కాదు, ముందే చూసుకోండి అని ఇంతగా పోరుతుంటాను.

అపోహ: వెబ్‌సైట్‌లో వెతికితే రాలేదు, కాబట్టి పేరు లేదు.

ఇది నాకు రోజూ ఎదురయ్యేది. ఎలక్షన్ కమిషన్ సెర్చ్‌లో పేరు కొట్టినప్పుడు అక్షరం తేడా వస్తే దొరకదు. లక్ష్మి అనే పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు ఉండదు. పెళ్లైన ఆడపిల్ల పేరు పక్కన తండ్రి పేరుందో భర్త పేరుందో చెప్పలేం. కార్డు మీదున్న ఎపిక్ నంబరుతో వెతకడం అన్నిటికన్నా నయం. అదీ కుదరకపోతే ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ పోలింగ్ కేంద్రం జాబితా పీడీఎఫ్ తెరిచి, ఇంటి నంబరు పట్టుకుని వరసగా చదవండి. ఆ పీడీఎఫ్ బొమ్మ రూపంలో ఉంటుంది, అందులో మాట కొట్టి వెతకడం కుదరదు. కళ్లతోనే చూడాలి. ఓపిక కావాలి, కానీ "లేదు" అనుకున్న పేర్లు నాకు ఎన్నోసార్లు ఇలాగే దొరికాయి. ఆన్‌లైన్ చేతకానివాళ్లు ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చెయ్యవచ్చు, బూత్ స్థాయి అధికారిని (బీఎల్‌వో) అడగవచ్చు.

పేరు నిజంగానే లేకపోతే ఫారం-6. ఇల్లు మారినా, తప్పులు దిద్దాలన్నా, కార్డు పోయినా ఫారం-8. ఇల్లు మారినప్పుడు మళ్లీ ఫారం-6 పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చెయ్యకండి. రెండుచోట్ల పేరుండటం చట్టానికి విరుద్ధం, తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. ఇంకో మాట, 18 నిండినవాళ్లు జనవరి 1 కోసం ఆగక్కర్లేదు. 2022 ఆగస్టు నుంచి ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే.

అపోహ: మన పేరు తీసెయ్యమని ఎవరో ఫారం-7 పెడితే ఓటు పోయినట్టే.

2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఈ దరఖాస్తులు లక్షల్లో వచ్చి, కేసులు కూడా నమోదయ్యాయి. అప్పుడు జనం పడిన టెన్షన్ నాకింకా గుర్తుంది. ఫారం-7 అంటే అభ్యంతరం, అంతే. మనిషి చనిపోయిన సందర్భం తప్పిస్తే, పేరు తీసే ముందు ఓటర్ల నమోదు అధికారి (ఈఆర్‌వో) ఆ ఓటరుకు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నోటీసు వస్తే పక్కన పడెయ్యకుండా వెళ్లి కనపడండి. అయినా తీసేస్తే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

జాబితా బయట పెడితే మన ఫోన్ నంబరు కూడా అందరికీ తెలిసిపోతుందని కొందరి భయం. వెబ్‌సైట్‌లో పెట్టే జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఎపిక్ నంబరు ఉంటాయి. ఫోన్ నంబరు, ఫోటో ఉండవు.

అపోహ: ఈసీలో ఏమీ రాలేదంటే ఆస్తి క్లియర్.

నిల్ ఈసీ చూసి అడ్వాన్సు ఇచ్చేసినవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టర్ కాని అగ్రిమెంటు, అన్నదమ్ముల మధ్య నోటిమాటగా జరిగిన పంపకం, సాధారణంగా కోర్టులో నడుస్తున్న దావా అందులో కనపడవు. సర్వే నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఒకసారి, పాత నంబరుతో మరోసారి వెతికించండి. ఆన్‌లైన్‌లో వచ్చేది 1983 నుంచే. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే వెతికించాలి.

పక్కింటివాళ్ల సేల్ డీడ్ మనం అడగకూడదనేది కూడా అపోహే. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలకు మాత్రం అలా కాదు. రాసిన మనిషి బతికుండగా ఆయనకు, ఆయన ఏజెంటుకు తప్ప ఎవరికీ నకలు ఇవ్వరు. కొడుకు అడిగినా అంతే. "నేను సొంత కొడుకునండీ" అని కౌంటర్ దగ్గర గొడవపడితే గుమాస్తా చెయ్యగలిగింది ఏమీ లేదు.

జనన మరణ రిజిస్టర్ నుంచి కూడా ఎవరైనా ఫీజు కట్టి నకలు అడగవచ్చు, సొంత కుటుంబమే కానక్కర్లేదు. అయితే మరణానికి కారణం ఏమిటన్నది ఆ నకలులో రాసి ఇవ్వరు. బీమా కోసం అదే కావాలని వచ్చేవాళ్లను నేను చికిత్స జరిగిన ఆసుపత్రికి పంపిస్తాను.