తెల్లబట్ట గురించి గ్రీన్ బుక్ చెప్పనిది

"మందులు రోజూ ఏస్కుంటున్న గదమ్మా, మరి తెల్లబట్ట ఎందుకు తగ్గుతలేదు?"

హైదరాబాద్‌లో హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో ఆడవాళ్లు, పక్కన ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. చేతిలోని గ్రీన్ బుక్‌లో, అంటే చికిత్స వివరాలు రాసే పుస్తకంలో, సీడీ4 (హెచ్ఐవీ దెబ్బతీసే రక్షణ కణాల లెక్క) బాగానే ఉంటుంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందనే లెక్క) కూడా అదుపులోనే ఉంటుంది. కానీ ఆ రెండూ రక్తం లెక్కలు. ఆమె అడుగుతున్నది రక్తం గురించి కాదు.

మన దేశంలో హెచ్ఐవీ బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల పరీక్షలకు పంపిన సెక్స్ వర్కర్ల రక్తంలో అది కనిపించింది. అంటే ఇక్కడ కథ ఆడవాళ్లతోనే మొదలైంది. వైద్యం చూపు మాత్రం వాళ్ల శరీరం మీద చాలా ఆలస్యంగా పడింది. 1981లో అమెరికాలో తొలి కేసులు మగవాళ్లవి. ఎయిడ్స్ లక్షణాల జాబితా కూడా ఎక్కువగా వాళ్లను చూసే తయారైంది. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను అందులో చేర్చింది 1993లో.

శరీరంలోని లింఫోసైట్లలో (సీడీ4 లాంటి రక్షణ కణాల్లో) రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. మిగతావి లింఫ్ గ్రంథుల్లో, పేగు గోడలో, యోని లాంటి తడి పొరల్లో కాపలా ఉంటాయి. కోతుల్లో ఉండే ఇలాంటి వైరస్ కొద్ది వారాల్లోనే పేగులోని సీడీ4 కణాలను ఖాళీ చేస్తుందని 1998లో తేలింది. 2004లో మనుషుల్లోనూ అదే కనిపించింది. రక్త పరీక్షలో అంకె ఇంకా నిలబడి ఉండగానే లోపల కాపలా కూలిపోతోందన్నమాట.

యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేసి చెడు క్రిములను అడ్డుకుంటుంది. దాని వెనుక పొరలో టీహెచ్17 అనే సీడీ4 కణాలు ఫంగస్‌నీ బ్యాక్టీరియానీ కనిపెట్టుకుని ఉంటాయి. హెచ్ఐవీ మొదట పట్టుకునేవాటిలో ఇవీ ఉన్నాయి. అందుకే ఫంగస్ మళ్లీ మళ్లీ వస్తుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోయే హెచ్‌పీవీ (గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) ఇక్కడ తిష్ట వేస్తుంది. మందులతో రక్తం కోలుకున్నంత త్వరగా తడి పొరలు కోలుకోవు. పేగులోనైతే ఏళ్ల తరబడి మందులు వాడినా పూర్తిగా భర్తీ కాదు. కాబట్టి తెల్లబట్ట తగ్గలేదంటే టాబ్లెట్ పనిచేయడం లేదని కాదు. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఎంతమందికి టెన్షన్ తగ్గేదో!

హెచ్ఐవీ లేనివాళ్లలో వాపు ఉన్న పొర వైరస్‌కు దారి కూడా ఇస్తుంది. వాపు ఉన్నచోటికి సీడీ4 కణాలు పరుగెత్తుకొస్తాయి, వైరస్‌కు కావలసినవీ అవే. ఈ పాఠానికి ఆడవాళ్లే మూల్యం చెల్లించారు. వీర్యకణాలను చంపే నోనాక్సినాల్-9 జెల్ హెచ్ఐవీనీ చంపుతుందని ఆశపడ్డారు. 2000లో డర్బన్ ఎయిడ్స్ సదస్సులో ఫలితం బయటికొచ్చేసరికి, ఎక్కువసార్లు వాడినవాళ్లకే ఎక్కువగా సోకినట్టు తెలిసింది. జెల్ ఆ పొరనే గాయపరిచింది. 2010లో దక్షిణాఫ్రికాలో టెనోఫోవిర్ అనే హెచ్ఐవీ మందు జెల్ 39 శాతం రక్షణ ఇచ్చింది. తర్వాత లోతుగా చూస్తే, యోనిలో వాపు ఉన్నవాళ్లకు ఆ రక్షణ దాదాపు దక్కలేదు.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడతలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ మందులు ప్రాణాలు నిలబెట్టాయి. ఇప్పుడు ఆ ప్రాణాలకు మరో ముప్పు ఉంది. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 25 ఏళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయాలని 2021లో సూచించింది. టాబ్లెట్ల కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని గైనిక్ ఓపీకి ఇంకో రోజు రమ్మంటే రాదు. రెండూ ఒకే రోజు జరగాలని నా గట్టి అభిప్రాయం.

దురద, మంట, వాసన ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో తెల్లబట్టకు ఆకుపచ్చ రంగు మందుల కిట్ ఉచితంగా ఇస్తారు. ఆ కిట్ తీసుకునే రోజే గర్భసంచి ముఖద్వారం కూడా ఒకసారి చూడమని అడగండమ్మా.