షాక్ అబ్జార్బర్లు మార్చిన రెండు నెలలకే చప్పుడు వస్తోందా? తప్పు సరుకుది కాకపోవచ్చు

నిన్న సాయంత్రం మళ్లీ అదే ఫిర్యాదు. ఒకాయన బండి తెచ్చి ఆపారు. దిగుతూనే "మోసపోయానండీ, డూప్లికేట్ సరుకు అంటగట్టారు" అన్నారు. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ ఇంటి దగ్గర తనే మార్చుకున్నారట. రెండు నెలలు బాగానే ఉంది. ఇప్పుడు చక్రం గతుకులో పడ్డప్పుడల్లా కిర్రుమని ఒక శబ్దం, వెంటనే టక్కుమని ఇంకొకటి.

బండిని లిఫ్ట్ మీదకి ఎత్తి చూశాను. రెండూ పొడిగా ఉన్నాయి, చుక్క ఆయిల్ కారలేదు. రాడ్ మీద గీత లేదు. సరుకు మంచిదే. కానీ కుడి పక్క షాక్ అబ్జార్బర్ కింది రింగులో ఉండే రబ్బరు బుష్ చుట్టూ చిరిగిపోయింది. ఎడమ పక్కది ఇంకా చిరగలేదు గానీ మెలిపడి ఉంది. "కింది బోల్ట్ ఫుల్ టైట్ ఎప్పుడు చేశారు?" అని అడిగాను. "జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టినప్పుడేనండీ, దించాక చెయ్యి దూరదు కదా" అన్నారు.

ఇలా వచ్చిన బండ్లు నేను చాలా చూశాను. ప్రతిసారీ తిట్లు తినేది సరుకు అమ్మినవాడు, డబ్బు పోయేది బండి యజమానికి. అందుకే ఈ ఒక్క విషయం కాస్త వివరంగా రాస్తున్నాను. మిగతా అపోహలు తర్వాత గబగబా చెప్పేస్తాను.

"బోల్ట్ గట్టిగా బిగిస్తే చాలు, బండి గాల్లో ఉంటే ఏంటి, నేల మీద ఉంటే ఏంటి?"

చాలా తేడా ఉంది. కింది బుష్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మధ్యలో ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, రబ్బరు చుట్టూ షాక్ అబ్జార్బర్ రింగు. రబ్బరు అటు గొట్టానికీ ఇటు రింగుకీ గట్టిగా పట్టుకుని ఉంటుంది. బోల్ట్ బిగించగానే ఆ గొట్టం బ్రాకెట్ రెండు రేకుల మధ్య నొక్కుకుపోయి, చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ అయిన ఆర్మ్‌తో ఒకటైపోతుంది. ఇక అది బోల్ట్ మీద తిరగదు. బండి నడుస్తుంటే చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడు తిరిగేది గొట్టం కాదు, మెలిపడేది రబ్బరు. బుష్ పనే అది. ఇక్కడ బేరింగ్ లాంటిది ఏదో ఉందనుకుని గ్రీజు పూసేవాళ్లు కూడా ఉన్నారు. పూయకండి, పెట్రోలియం గ్రీజు రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది.

ఇప్పుడు చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బోల్ట్ బిగించారనుకోండి. రబ్బరు దృష్టిలో అదే మామూలు స్థితి అయిపోయింది. వెనక ఆర్మ్ పొడవు 45 సెంటీమీటర్లు, బండిని దించాక చక్రం పైకి జరిగేది 10 సెంటీమీటర్లు అయితే, ఆర్మ్ దాదాపు 13 డిగ్రీలు తిరుగుతుంది. ఆ 13 డిగ్రీల మెలిక బండి ఇంటి ముందు ఊరికే ఆగి ఉన్నా రబ్బరులో అలాగే ఉంటుంది. దాని మీద మనుషులు ఎక్కుతారు, సామాను ఎక్కుతుంది, గుంతలు వస్తాయి. రెండు వైపులా సమానంగా ఊగాల్సిన రబ్బరు ఎప్పుడూ ఒకే వైపు సాగుతూ ఉంటుంది. మొదట కిర్రుమంటుంది, తర్వాత చిరుగుతుంది, ఆపైన ఇనుముకి ఇనుము తగిలి టక్కుమంటుంది. అప్పటికి మీకు గుర్తొచ్చేది "డూప్లికేట్" అన్న మాటే.

చేయాల్సింది ఇదీ. జాకీ పెట్టకముందే, బండి సమతలంగా నిలబడి ఉన్నప్పుడు, చక్రం నడి మధ్య నుంచి పైన ఫెండర్ (చక్రం పైన వంపు రేకు) అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. రెండు పక్కలా. కొత్తవి పెట్టేటప్పుడు కింది బోల్ట్ చేతికి ఆగేంత వరకే బిగించండి. తర్వాత ఆర్మ్ కింద, గట్టి చోట, జాకీ పెట్టి మెల్లగా ఎత్తండి. హబ్ (చక్రం బిగించే భాగం) మధ్య నుంచి ఫెండర్ అంచుకి ముందు రాసుకున్న కొలత వచ్చినప్పుడు ఫుల్ టైట్ చేయండి. ఒకవేళ కొలత రాకముందే బాడీ స్టాండ్ మీద నుంచి లేవబోతుంటే అక్కడితో ఆపేయండి. ఇంకో దారి, చక్రాలు వేసి, రెండు వెనక చక్రాలనూ ర్యాంపుల మీదకి ఎక్కించి, అప్పుడు దూరి బిగించడం. బరువంతా చక్రాల మీదే ఉంటుంది కాబట్టి కొలతతో పనే లేదు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

నాకు పని నేర్పిన మేస్త్రీకి టేపు అలవాటు లేదు. పురికొస ముక్క తీసుకుని చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా పట్టి ముడి వేసేవాడు. ఎడమకి ఒక ముడి, కుడికి రెండు ముళ్లు. పని అయ్యేదాకా ఆ పురికొసలు స్టీరింగ్‌కి కట్టి ఉండేవి. అవి లేకుండా నేను పానా పట్టుకుంటే చేతిలోంచి లాక్కునేవాడు. రబ్బరు మెలిక గురించి ఆయన నాకు ఒక్క ముక్క వివరించలేదు, అలా చేయాలంతే అనేవాడు. ఎందుకో నాకు చాలా ఏళ్లకి, చిరిగిన బుష్ ఒకటి కోసి చూసుకున్నాక అర్థమైంది.

ఈ నియమం షాక్ అబ్జార్బర్‌కే కాదు, రబ్బరు బుష్ ఉండే ప్రతి ఆర్మ్ బోల్ట్‌కీ వర్తిస్తుంది. పైన నట్టుతో బిగించే పిన్ను తరహా ఫిట్టింగుకి మాత్రం ఈ మెలిక సమస్య ఉండదు. అక్కడ ప్రమాదం వేరు: రబ్బరు వాషర్లు పూరీలా ఉబ్బేదాకా బిగించేస్తారు, అవి నలిగి పగులుతాయి. ఎంత బిగించాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఒక బండికి 50 న్యూటన్ మీటర్లు అయితే ఇంకోదానికి 100 దాటవచ్చు. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచ్ (ఎంత బిగించాలో సెట్ చేస్తే అక్కడికి రాగానే క్లిక్‌మనే పానా) వాడండి.

ఇది చదివి, మొన్ననే గాల్లో బిగించేశామని టెన్షన్ పడేవాళ్లుంటే, కంగారు పడకండి. శబ్దం ఇంకా మొదలవకపోతే బుష్ చాలావరకు బాగానే ఉంటుంది. బండిని ర్యాంపుల మీద నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు చక్రాలకి అడ్డం పెట్టి, కింది బోల్ట్ వదులు చేయండి. చాలాసార్లు టక్కుమని గొట్టం తనంతట తానే తిరిగి సర్దుకోవడం వినిపిస్తుంది. వెనక భాగాన్ని ఒకటి రెండుసార్లు కిందకి నొక్కి వదలండి. మళ్లీ బిగించండి. పదిహేను నిమిషాల పని.

"వెనక కుంగిపోయింది, షాక్ అబ్జార్బర్లు మారిస్తే లేస్తుంది"

లేవదు. బండిని మోసేది స్ప్రింగ్. షాక్ అబ్జార్బర్ పని ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపడం. లోపల పిస్టన్ కదిలినప్పుడు ఆయిల్ చిన్న చిన్న వాల్వుల గుండా బలవంతంగా వెళ్తుంది, ఊపులో ఉన్న శక్తి వేడిగా మారిపోతుంది. గుంతల రోడ్డు మీద చాలాసేపు నడిపి వచ్చాక ముట్టుకుంటే వేడి తెలుస్తుంది. గ్యాస్ షాక్ అబ్జార్బర్ అంటే గ్యాస్ బండిని మోస్తుందని కాదు, లోపలి ఆయిల్ నురగ కట్టకుండా ఒత్తిడి పెట్టడానికి అందులో నైట్రోజన్ ఉంటుంది. దానివల్ల కాస్త పైకి తోసినా కుంగిన బండిని నిలబెట్టేంత కాదు. బరువుని బట్టి ఎత్తు తనే సర్దుకునే ప్రత్యేక రకాలు కొన్ని బండ్లకి ఉంటాయి, వాటి లెక్క వేరు. మీ బండి ఖాళీగా ఉన్నా కుంగి ఉంటే ముందు స్ప్రింగులు చూపించండి. చుట్ట చివర విరిగిపోయి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఇదే అపోహకి ఇంకో ముఖం ఉంది, అది ప్రమాదకరం. షాక్ అబ్జార్బర్ బండిని పైకి మోయదు గానీ, చాలా బండ్లలో యాక్సిల్ కిందకి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. కింది బోల్ట్ తీయగానే ఆర్మ్ ఒక్కసారిగా పడిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను ఆర్మ్ కింద ఏమీ పెట్టకుండా బోల్ట్ లాగేశాను. ఆర్మ్ పడింది, కాయిల్ స్ప్రింగ్ దొర్లుకుంటూ బయటికొచ్చింది, బ్రేక్ హోస్ తీగలా సాగింది. నా చెయ్యి ఒక జానెడు పక్కన ఉంది. ఆ హోస్ మార్చి, బ్రేకులు బ్లీడ్ చేసి (లోపల చేరిన గాలి తీసి), మళ్లీ అంతా సర్దేసరికి చీకటి పడింది. ఆర్మ్ కింద జాకీతో కాస్త ఆనించి, ఆ తర్వాతే బోల్ట్ ముట్టుకోండి. రెండు పక్కలవీ ఒకేసారి తీయకండి, ఒకటి పూర్తయ్యాక రెండోది.

ఇక మిగతావి

"ఆయిల్ తడి కనిపిస్తే పోయినట్టే." రాడ్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే సీల్ దగ్గర పలచగా దుమ్ము అంటిన తడి మామూలే. రాడ్ కదిలినప్పుడు సీల్‌కి ఆ మాత్రం ఆయిల్ పూత కావాలి. ఆయిల్ కారి షాక్ అబ్జార్బర్ కిందిదాకా తడిసి ఉంటే మార్చండి.

"బంపర్ నొక్కి చూస్తే తెలిసిపోతుంది." పూర్తిగా చచ్చిపోయినదైతే తెలుస్తుంది. సగం పోయింది తెలియదు. టైరు మీద అక్కడక్కడా గుంటలు పడినట్టు అరగడం, మలుపులో గతుకు తగిలితే వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపించడం, బంప్ స్టాప్ రబ్బరు (చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా ఆపేది) నలిగిపోవడం... ఇవి నమ్మదగిన గుర్తులు.

"ఒక్కటే మారుద్దాం, రెండోది బాగానే ఉంది." ఒకే యాక్సిల్ మీద ఒకటి కొత్తది, ఒకటి ఏళ్లనాటిది ఉంటే గతుకులో రెండు చక్రాలూ రెండు రకాలుగా నడుస్తాయి. జతగా మార్చండి. వేసి నెలలే అయి, అదే కంపెనీ అదే మోడల్ దొరికితే ఒక్కటి మార్చినా నష్టం లేదు.

"కొత్తది నొక్కితే తిరిగి లేవడం లేదు, డిఫెక్టు." గ్యాస్ లేని ఆయిల్ రకం తనంతట తాను లేవదు. చేత్తో లాగితే బరువుగా, ఒకే తీరులో కదలాలి, అంతే. ట్విన్ ట్యూబ్ (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలుండే) రకాన్ని బిగించేముందు నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కండి. పెట్టెలో పడుకోబెట్టి ఉన్నప్పుడు లోపల చేరిన గాలి పోతుంది.

"రాడ్ తిరుగుతోంది, ప్లయర్‌తో పట్టుకుంటే పోలా." పోదు, పోయేది మీ సీల్. ఆ మెరిసే రాడ్ మీద ఒక్క గీత పడితే అది పైకీ కిందకీ వెళ్లిన ప్రతిసారీ సీల్‌ని కోస్తుంది. రాడ్ చివర స్పానర్‌కో ఆలెన్ కీకో చోటు ఇస్తారు, అక్కడ పట్టుకోండి. ఇంపాక్ట్ గన్ (దడదడమని బిగించే మెషిన్) కూడా అక్కడ వద్దు.

"తుప్పు పట్టిన బోల్ట్‌కి మంట చూపిస్తే వచ్చేస్తుంది." షాక్ అబ్జార్బర్ దగ్గర మంట పెట్టనే పెట్టకండి. లోపల ఆయిల్, పైగా ఒత్తిడిలో గ్యాస్. మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) రకంలో ఆ ఒత్తిడి 20 బార్లు దాటవచ్చు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి.

"మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి." అంటే చక్రాల కోణాలు సరిచేయించడం. స్ప్రింగ్ వేరుగా, షాక్ అబ్జార్బర్ వేరుగా ఉండే బీమ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం) అయితే అక్కర్లేదు. హబ్‌కి బిగించే స్ట్రట్ (చక్రాన్ని కూడా పట్టి ఉంచే షాక్ అబ్జార్బర్) రకం అయితే చేయించాలి. అసలు స్ప్రింగ్ చుట్టుకుని ఉన్న స్ట్రట్ అయితే ఇంటి దగ్గర దాన్ని విప్పకండి. స్ప్రింగ్‌ని స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో నొక్కి పట్టకుండా పైనట్టు తీస్తే అది తూటాలా ఎగురుతుంది. దీనివల్ల మనుషులు పోయారు.

జాకీ సంగతి కూడా. టైరు మార్చడానికి ఇచ్చిన జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి తల పెట్టకండి. గట్టి సమతల నేల, ముందు చక్రాలకి అడ్డం, బాడీకి రెండు పక్కలా స్టాండ్లు, ఒకసారి గట్టిగా తోసి చూసి అప్పుడు దూరండి. తీసిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టండి. ఇటుకలు వద్దు, బరువు పడితే చెప్పకుండా పగులుతాయి. "ఐదు నిమిషాల పనే కదా" అనుకుని స్టాండ్లు మానేసే మనిషికి నా షెడ్డులో నేను పని ఇవ్వను.

నిన్నటి ఆయన బండి సంగతి. ఎడమ పక్క బోల్ట్‌ని ర్యాంపుల మీద వదులు చేయగానే గొట్టం సర్దుకుంది. రబ్బరు నిలిచింది. కుడి పక్కది మాత్రం మార్చక తప్పలేదు, అదృష్టం కొద్దీ అదే మోడల్ దొరికింది. "నా చేత్తో నేనే పాడుచేశానన్నమాట" అని బాధపడ్డారు. ఆ బోల్ట్ బిగించడానికి పానా ఆయనకే ఇచ్చాను. బరువంతా చక్రాల మీద ఉండగా బండి కిందకి దూరి, టార్క్ రెంచ్ క్లిక్‌మనేదాకా ఆయనే బిగించుకున్నారు.