నలభై శాతం అంటూనే ఆగిపోతే

చూపు లేనివాళ్లు వాడే మాట్లాడే పుస్తకాల ప్లేయర్‌లో బటన్ నొక్కితే "బ్యాటరీ నలభై శాతం" అంటుంది. సరేనని పాఠం పెట్టుకుంటే ఐదు నిమిషాలకే నోరు పడిపోతుంది. ప్లేయర్ పాడైందని షాపుకి పరిగెత్తేముందు ఆ నలభై ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

లోపల ఉండేది లిథియం అయాన్ సెల్. ఎంత మిగిలిందో ట్యాంకులో పుల్ల ముంచి చూసినట్టు చూడలేం. చాలా చిన్న ప్లేయర్లు వోల్టేజీని బట్టి అంచనా కడతాయి. నిండా ఛార్జయినప్పుడు 4.2 వోల్టులు. అక్కడినుంచి 3.6 దాకా మెల్లగా దిగుతుంది, శక్తిలో చాలా వంతు ఈ కాస్త తేడాలోనే ఖర్చవుతుంది. 3.5 దాటిందా, ఇక జారుడుబండే.

సెల్ ముసలిదయ్యేకొద్దీ లోపలి నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుతుంది. అది 0.5 ఓం అయిందనుకుందాం. స్పీకర్ గట్టిగా పలికిన క్షణంలో 500 మిల్లీ ఆంపియర్లు లాగితే 0.25 వోల్టు సెల్‌లోనే హరించుకుపోతుంది. 3.6 ఉన్నది బయటికి 3.35గా కనబడుతుంది. 3.4 దగ్గర ఆగేలా తయారైన ప్లేయర్ అయితే వెంటనే ఆగిపోతుంది. కాసేపాగి ఆన్ చేస్తే మళ్లీ ముప్ఫై అయిదో ఎంతో చెబుతుంది. స్పీకర్ కరెంటు లాగే బరువు దిగాక వోల్టేజీ లేస్తుంది మరి. స్పీకర్‌తో ఆగిపోయి, ఇయర్‌ఫోన్‌తో గంటలు నడుస్తుంటే సెల్ మార్చే రోజు వచ్చినట్టే.

సెల్ కొత్తదైనా అంకెలు తప్పుతుంటే ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేసి, దానంతటది ఆగేదాకా వాడి, మధ్యలో తీయకుండా మళ్లీ నింపాలి. దీనివల్ల సెల్‌కి బలం రాదు, లెక్క సరిపడుతుంది. తరచూ చేస్తే సెల్‌కే నష్టం. "కొత్తది ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టండి" అనే షాపు సలహా నికెల్ కాడ్మియం రోజులది, దాన్ని అక్కడే వదిలేయొచ్చు.

నెలల తరబడి బీరువాలో ఉండి మూగబోయిన ప్లేయర్‌ది ఇంకో చిక్కు. సెల్ 3 వోల్టుల కిందకి పడిపోతే ఛార్జర్ మొదట చుక్కచుక్కగానే కరెంటు ఇస్తుంది. అరగంట వరకూ ప్లేయర్ పలక్కపోవచ్చు. లైటు కనబడనివాళ్లు ఐదు నిమిషాలు చూసి "చచ్చిపోయింది" అని తీసేస్తారు. గంటసేపు వదిలేయండి. ఇకముందు దాచేటప్పుడు సగం ఛార్జ్‌తో దాచండి.

కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలికి ఛార్జింగ్ పిన్నుల మీద చిలుము పడుతుంది. ప్లేయర్ ఆపి, మెత్తటి బ్రష్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. గుండుసూదితో గీకితే పిన్నులు వంగుతాయి.

వారానికోసారి వెనక మూత మీద వేలు రాసి చూడండి. మధ్యలో ఎత్తుగా తగిలినా, బల్ల మీద పెడితే ప్లేయర్ ఊగినా సెల్ ఉబ్బిందని అర్థం. ఛార్జింగ్ ఆపేయాలి. నొక్కకూడదు, పొడవకూడదు.

ఇక గాలివాన. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. అలాంటప్పుడు పవర్ బ్యాంకే దిక్కు. పదివేల మిల్లీ ఆంపియర్ అవర్ అని రాసి ఉన్నా అది లోపలి 3.7 వోల్టుల లెక్క. 5 వోల్టులకి మార్చేసరికి చేతికొచ్చేది ఆరువేల దరిదాపు, అంటే వెయ్యి సామర్థ్యమున్న సెల్‌ని ఐదుసార్లు నింపొచ్చు. ఆ సెల్‌తో 70 మిల్లీ ఆంపియర్లు తీసుకునే ప్లేయర్ ఇయర్‌ఫోన్ మీద సుమారు 14 గంటలు పలుకుతుంది.

చివర్లో ఒక తిరకాసుంది. సెల్ నిండబోయేటప్పుడు తీసుకునే కరెంటు బాగా తగ్గిపోతుంది. అది చూసి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతాయి, ప్లేయర్ తొంభై దగ్గరే ఉండిపోతుంది. రెండో సాకెట్ ఉంటే ఇంకో ఫోన్ కూడా తగిలించండి, బ్యాంకు మెలకువగా ఉంటుంది.