సిచువాన్ భోజనం: వంటగది అద్దంలోంచి కనిపించే అపోహలు, అసలు సంగతులు

బెంగళూరు ఇందిరానగర్ వైపు ఒక సిచువాన్ రెస్టారెంటు వంటగదిలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. అంతకుముందు నాలుగేళ్లు నెల్లూరులో నూడుల్స్ బండి. అంటే గోబీ మంచూరియా వేయించిన చేతులే ఇవి. శుక్రవారం రాత్రి అయితే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి మన తెలుగువాళ్లు గుంపులుగా వస్తారు. వంటగదికీ హాలుకూ మధ్య పెద్ద అద్దం ఉంది. మాటలు వినపడవు, ముఖాలు కనపడతాయి. మొదటి ముద్ద దగ్గర ముఖం మారే తీరును బట్టి ఆ టేబులు మీద ఏ అపోహ నడుస్తోందో చెప్పగలను.

అపోహ: షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ చిన్నప్పటి నుంచి తింటున్నాం, సిచువాన్ మాకు కొత్త కాదు.

సిచువాన్ నైరుతి చైనాలోని ఒక రాష్ట్రం. ఆ పేరుకు పాత ఇంగ్లిషు స్పెల్లింగును మన దేశంలో పలికిన తీరే షెజ్వాన్. పేరు మాత్రమే అక్కడిది, సీసాలోని సాస్ ఇక్కడిది. ఎండుమిరప, వెల్లుల్లి, వెనిగర్, నూనె కలిపిన ఆ ముద్దలో సిచువాన్ వంటకు ప్రాణమైన రెండు వస్తువులూ కనిపించవు. ఇక మంచూరియా సంగతి. మంచూరియా ప్రాంతం చైనాకు ఈశాన్య మూలన ఉంది. ఆ వంటకాన్ని మాత్రం 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు సృష్టించాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప వేయించి, గరం మసాలా వేయవలసిన చోట సోయా సాస్ పోశాడట. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. వానాకాలం సాయంత్రం బండి దగ్గర నిలబడి తింటే దానికి సాటి లేదు. కాకపోతే అది వేరే వంట.

"మీ వంట అంత ఎర్రగా లేదేమిటి?" అని కూడా అడుగుతారు. బండి మీది ఎరుపులో చాలా భాగం రంగు పొడిదే. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది కూడా. మా ఎరుపు దౌబాన్‌జియాంగ్ నుంచి వస్తుంది. పైన చెప్పిన రెండు వస్తువుల్లో మొదటిది ఇదే. చెంగ్దూ నగరం పక్కన పీషియెన్ అనే ఊరు దీనికి పెట్టింది పేరు. పెద్ద చిక్కుడు జాతి గింజలను పులియబెట్టి, ఎర్ర మిరపకాయలు, ఉప్పు కలిపి మట్టి జాడీల్లో ఆరుబయట పెడతారు. ఎండ కాస్తే మూత తీసి కలుపుతారు, వాన వస్తే మూత వేస్తారు. ఒక ఏడాది, రెండేళ్లు, ఇంకా మంచిదైతే మూడేళ్లు. జాడీ మూతికి గుడ్డ కట్టి, తడి చెయ్యి తగలనివ్వని మా అమ్మమ్మ దీన్ని చూసి ఉంటే ఒక్క మాట కూడా అడిగేది కాదు. ఈ ముద్దను సన్నని మంట మీద నూనెలో వేయించాలి. నూనె తేలి, ఎర్రగా మారి, పచ్చివాసన పోవాలి. మన ఇళ్లలో మసాలా వేగిందో లేదో చూసే గుర్తు కూడా ఇదే కదా. తొందరపడి మంట పెంచితే మాడి చేదెక్కుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను మొదటి నెలంతా నేర్పేది ఇదొక్కటే.

అపోహ: గుంటూరు మిరపకాయ తిని పెరిగినవాళ్లం, మాకు ఇదొక కారమా?

కాదు. నిజంగానే కాదు. ఒట్టి ఘాటునే కొలిస్తే గుంటూరు సన్నం రకం ముందు సిచువాన్‌లో ఎక్కువగా వాడే అర్‌జింగ్‌త్యావ్ మిరప నిలవదు. అది పొడుగ్గా, సన్నగా ఉండి మంచి వాసన ఇచ్చే కాయ. పందెం అయితే మనమే గెలిచాం. కానీ అక్కడ పందెం ఎవరూ పెట్టలేదు.

ఒకసారి ఆరుగురు కుర్రాళ్లు చేపల వంటకం ఆర్డరు ఇచ్చి "కారం మూడింతలు వేయమనండి" అని కబురు పంపారు. వద్దని చెప్పించాను, వినలేదు. వేశాను. సగం గిన్నె అలాగే వెనక్కి వచ్చింది. చేపను నాలుగు గంటల ముందు నుంచి ఊరబెట్టిన శ్రమ గురించి నేను ఎవరితో చెప్పుకోవాలి? అక్కడ మిరపకాయను వాసన కోసం వాడతారు. మిరప నూనె చేసేటప్పుడు కాగిన నూనెను ఒక్కసారిగా గుమ్మరించరు. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు కొంత పోస్తే వాసన లేస్తుంది, కాస్త చల్లారాక ఇంకొంత పోస్తే రంగు దిగుతుంది, చివరగా పోసే నూనెలో మిగిలిన ఘాటు దిగుతుంది. మాకు అక్కడి కాయలు అన్ని వేళలా దొరకవు. అందుకని రంగుకూ వాసనకూ బ్యాడిగి మిరప, ఘాటుకు చిటికెడు గుంటూరు కాయ కలుపుతాం. ఇది మా గురువుగారు, అంటే చెంగ్దూ నుంచి వచ్చి రెండేళ్లు మాకు నేర్పిన పెద్ద వంటవాడు, ఇక్కడికి వచ్చాక కనిపెట్టిన ఉపాయం. బ్యాడిగి కాయను మొదటిసారి వాసన చూసినప్పుడు ఆయన ముఖం వెలిగిపోవడం నాకు ఇంకా గుర్తుంది.

ఇంకొక మాట. మిరపకాయ వాళ్లకూ మనకూ పరాయిదే. అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చింది. చైనాలో దాని ప్రస్తావన రాతలో కనిపించేది 1591లో. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందు నుంచే వాళ్లకు హువాజియావ్, అంటే మనం సిచువాన్ మిరియం అనే మసాలా కాయ, ఉంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట హాన్ రాజవంశపు కాలంలో మహారాణి మందిరం గోడలకు దాన్ని మట్టిలో కలిపి పూసేవారు. ఆ ఇంట్లో హువాజియావ్ అత్తగారు, మిరపకాయ నిన్నగాక మొన్న వచ్చిన కోడలు.

అపోహ: నాలుక మొద్దుబారింది, పెదవులు అదురుతున్నాయి. వంట పాడైపోయింది, లేదా ఇది ఎలర్జీ.

వారానికి ఒక టేబులైనా ఈ కారణంతో మేనేజరును పిలుస్తుంది. ఒక పెద్దాయన అయితే "బాబూ, గిన్నెలో కరెంటు ఏమైనా పాస్ అవుతోందా?" అని అడిగారు. ఆయన హాస్యానికే అన్నా, సత్యానికి చాలా దగ్గరగా వచ్చారు.

ఆ పని చేసేది హువాజియావ్. రెండో వస్తువు ఇదే. మనం సిచువాన్ మిరియం అంటున్నాం కానీ అది మిరియమూ కాదు, మిరపా కాదు. నిమ్మ కుటుంబానికి చెందిన ముళ్ల చెట్టు కాయ. మన కరివేపాకు, మారేడు, వెలగ కూడా ఆ కుటుంబంలోవే. లోపలి నల్ల గింజ పళ్ల కింద ఇసుకలా తగులుతుంది కనుక తీసి పారేస్తాం. పనికి వచ్చేది పై తొక్క. అందులోని శాన్షూల్ అనే పదార్థం స్పర్శ తెలిపే నరాలను కదిలిస్తుంది. 2013లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు దీన్ని పెదవులకు రాసి చూశారు. కలిగిన అదురు సెకనుకు 50 కంపనాల దగ్గర తేలింది. మన ఇళ్లకు వచ్చే కరెంటు కూడా సెకనుకు 50 ఆవృత్తులే! ఆ పెద్దాయన మళ్లీ వస్తే చెబుదామని దాచుకున్నాను, రాలేదు.

ఈ తిమ్మిరిని చైనా భాషలో "మా" అంటారు, కారాన్ని "లా" అంటారు. రెండూ కలిస్తే "మాలా". తిమ్మిరి కమ్ముకున్న నాలుక మీద కారం మంటగా గుచ్చుకోదు, అలలా వచ్చి పోతుంది. నోరూరుతుంది. ఆ తర్వాత మంచినీళ్లు తాగినా కాస్త పుల్లగా, తియ్యగా అనిపిస్తాయి. కొద్ది నిమిషాల్లో అంతా మామూలవుతుంది.

ఇది మనకు బొత్తిగా తెలియని సంగతీ కాదు. పంటి నొప్పికి అక్కలకర్ర నమిలినవాళ్లను అడగండి. మంగళూరు, గోవా తీరంలో చేపల పులుసులో తెప్పల్ వేస్తారు. కన్నడంలో జుమ్మనకాయి అనే ఆ కాయ హువాజియావ్‌కు స్వయానా చెల్లెలు. దాని శాస్త్రీయ నామంలో "రెట్సా" అనే మాట ఉంది. ఆ మాట మన తెలుగే. ఆ చెట్టు నీడలో కొండ జనం రచ్చ తీర్చేవారని వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాసుకున్నాడు. రచ్చబండలోని రచ్చే ఆ చెట్టు పేరు. పేరు మనది, వంట మాత్రం పక్క తీరానిది. ఎందుకు వదిలేశామో!

అయితే ఒక జాగ్రత్త. తిమ్మిరి వేరు, ఎలర్జీ వేరు. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే తిమ్మిరి అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వేరుశనగ, నువ్వులు, సోయా, గోధుమ పడనివాళ్లు ఆర్డరు ఇచ్చే ముందే చెప్పండి. సోయా సాస్‌లో చాలావరకు గోధుమ ఉంటుంది.

అపోహ: ప్లేటు నిండా ఎండుమిరపకాయలు, గిన్నె నిండా నూనె. కోడి, చేప వెతుక్కోవాలి. ఇది మోసం.

సిచువాన్ పక్కనున్న చోంగ్‌చింగ్ వైపు వంటకమైన లాజిజీ తెచ్చి పెడితే గుప్పెడు కోడి ముక్కలు, కుప్పగా మిరపకాయలు కనిపిస్తాయి. ఆ కాయలు తినడానికి కాదు. పులిహోరలో ఎండుమిరపకాయను పక్కకు పెట్టినట్లే వీటినీ పక్కకు పెట్టాలి. వాటి మధ్య ముక్కలు వెతుక్కోవడం తినే సరదాలో భాగం. చేపల వంటకం మీద తేలే ఎర్ర నూనె కూడా అంతే. అది వేడిని, వాసనను పట్టి ఉంచే మూత లాంటిది. చేప ముక్కను పైకి తీసి, నూనె ఓడ్చి తినాలి. గరిటెతో ఆ నూనెను అన్నంలో పోసుకుని కలిపిన ఒక కుటుంబాన్ని అద్దంలోంచి చూసి పరుగున వెళ్లాను. పప్పుచారు అలవాటు, పాపం, వాళ్ల తప్పు లేదు. ఆపే బాధ్యత స్టీవార్డ్‌ది.

అపోహ: సిచువాన్ వంట అంటే అంతా మంటే.

మాపో తోఫు (సోయా పనీరు వంటకం), చేపలు, హాట్‌పాట్ (టేబులు మీద మరిగే పులుసులో ఎవరికి వారు ఉడికించుకునేది) మాత్రమే పేరు మోయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అక్కడి వంటవాళ్లు 24 రకాల రుచుల మేళవింపులు లెక్కపెడతారు. వాటిలో చాలావాటికి కారమే ఉండదు. తేయాకు పొగ పట్టించిన బాతు వంటకం విందుల్లో పెద్ద పీట మీద కూర్చుంటుంది. పిల్లలు వెంట ఉంటే అడగండి.

అపోహ: రుచంతా అజినొమోటోదే, అది విషం.

1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్‌ను వేరు చేశాడు. అజినొమోటోలో రుచినిచ్చేది అదే. అదే గ్లూటమేట్ పండిన టమాటాలోనూ ఉంది. భయం మొదలైంది 1968లో, ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన చిన్న ఉత్తరంతో. ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు మోతాదుకు, దాని వల్ల వస్తాయన్న ఒంటి బాధలు నికరంగా కనిపించలేదు. ఉప్పుతో పోలిస్తే ఇందులో సోడియం మూడో వంతే. మేము వాడతామా? కొన్నింటిలో చిటికెడు, అవును. దౌబాన్‌జియాంగ్ పడే వంటల్లో అక్కర్లేదు, పులిసిన గింజలే ఆ రుచి ఇస్తాయి. అన్నింటిలోనూ గరిటెల కొద్దీ వేసే వంటగది ఉంటే, అక్కడ లోపం వంటవాడిది. వద్దంటే వేయం. అయితే సోయా సాస్‌లో సహజంగా ఉన్నదాన్ని తీసేయమంటే నా వల్ల కాదు.

అపోహ: శాకాహారులకు ఏమీ దొరకదు.

మెనూలో "చేప సువాసన వంకాయ" అని చూసి లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. అందులో చేప ఉండదు. చేపలు వండేటప్పుడు వాడే ఊరమిరప, అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, చక్కెర, వెనిగర్ కలపడం వల్ల వచ్చిన పేరు. గుత్తివంకాయ ఇష్టపడేవాళ్లు ఈ వంకాయను ఒప్పుకోకుండా ఉండలేరు. ఇక పేరులో ఏ మాంసమూ లేని మాపో తోఫులో మాత్రం కొట్టిన మాంసం పడుతుంది, అసలు పద్ధతిలో గొడ్డు మాంసం. పేరు చూసి నమ్మవద్దు, పేరు చూసి భయపడవద్దు, అడగండి. ఎముకల పులుసు, ఆయిస్టర్ సాస్ పడతాయా అని కూడా అడగండి. మేము శాకాహారానికి వేరే బాణలి పెడతాం, అన్ని చోట్లా పెట్టరు. మాపో అంటే ముఖాన మచ్చలున్న అవ్వ అని అర్థం. ఆ "మా", తిమ్మిరి "మా" రాతలో ఒకే అక్షరం కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

అపోహ: మండితే చల్లని నీళ్లు తాగాలి.

మిరప ఘాటు నీటిలో కరగదు, నోరంతా పాకుతుంది. ఆవకాయలో నెయ్యి, ముద్దపప్పు ఎందుకు కలుపుతామో తెలిసినవాళ్లకు నేను చెప్పాలా? తెల్లన్నం తినండి, మజ్జిగ లేదా పాలు తాగండి. అందుకే ఫ్రైడ్ రైస్ వద్దని మొత్తుకుంటాను. సోయా, ఉప్పు పట్టిన అన్నం ఏ మంటనూ తగ్గించదు. నలుగురు వస్తే ఒక చేప, ఒక వంకాయ, ఒక కారం లేని ఆకుకూర, గిన్నెడు తెల్లన్నం చాలు. అందరికీ తలా ఒక ప్లేటు తెప్పించుకుంటే ఒక్కొక్కరు ఒక్కో రుచితో విసుగెత్తిపోతారు.

మొదటిసారి వచ్చేవాళ్లు శుక్రవారం మానుకుని మంగళవారం మధ్యాహ్నం రండి. పొయ్యిల దగ్గర రద్దీ ఉండదు. అడిగితే హువాజియావ్ తొక్క ఒకటి మీ అరచేతిలో పెడతాను. ముందు పళ్లతో ఒక్కసారి కొరికి ఊరుకోండి, నమలవద్దు.